వాకిటి బల్బు

కుడిచేతి తొడుగును పళ్ళతో లాగి జేబులో కుక్కుకుని, ఫెర్నాండ్ గ్యాసు గొట్టం అతుకు మీద సబ్బునీళ్ళు పూశాడు. పాత పెయింటు కుంచె అది. సగం వెంట్రుకలు ఊడిపోయాయి. ముఖం గొట్టానికి జానెడు దూరంలో పెట్టి, ఊపిరి బిగబట్టి చూశాడు. బుడగ రాలేదు, అంటే గ్యాసు కారడం లేదు. అయినా మరోసారి పూశాడు. ఒక్కసారి చూసి లేచిపోవడం అతనికి చేతకాదు. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో అలాగే చేశాడు, ఇవాళ తన ఇంట్లోనూ అంతే.

మోకాలి మీద చెయ్యి వేసి, మూలిగి, లేచి నిలబడ్డాడు. పొట్టి మనిషి. భుజాలు మాత్రం రెండు తలుపుల బీరువా అంత వెడల్పు. చెవులు కప్పే టోపీ కింద బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. మీసం చివర ఊపిరి తడి గడ్డకట్టి తెల్లగా మెరుస్తోంది. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగానే ఉంటుంది. ఒకటి ఊడి మరొకటి వచ్చేలోపు దాని మీద మళ్ళీ ఏదో ఒకటి పడుతుంది.

ఎదురుగా, ఇంటి పడమటి గోడకి దూరంగా పరిచిన కంకర మీద, బూడిదరంగు జెనరేటర్ కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం పొలం అవతలి ఇంటి జిల్ తన ట్రాక్టరు తెచ్చి, దాన్ని పైకెత్తి, కోడిగుడ్డు దించినట్టు అక్కడ దించి వెళ్ళాడు. కాఫీ తాగిపొమ్మంటే, "ఇంట్లో చంటిది ఉంది, చీకటి పడింది" అని ఆగకుండా పోయాడు.

అమెరికాలో మేన్ రాష్ట్రం కొసన, నది అవతల కెనడా దీపాలు కనిపించే ఆ రోడ్డు మీద జెనరేటర్ ఉన్న ప్రతి ఇంటికీ దాన్ని బిగించింది ఫెర్నాండే. వారానికోసారి ప్రతి మిషనూ తనంతట తాను లేచి కాసేపు తిరిగి మళ్ళీ పడుకుంటుంది. అన్నిటికీ శనివారం పొద్దున్నే పెట్టాడు. ఒకటి ఆగాక మరొకటి మొదలయ్యేలా, రోడ్డు ఆ చివర నుంచి ఈ చివరికి వరసగా పెట్టాడు. శనివారం కాఫీ కప్పు పట్టుకుని వెనక మెట్ల మీద నిలబడి వింటాడు. ఏ మిషన్ దగ్గుతోందో, ఏది నూనె అడుగుతోందో అక్కడి నుంచే తెలుస్తుంది. అది అతనికి పూజ లాంటిది.

తన ఇంటికి మాత్రం ఇన్నాళ్ళూ మిషన్ లేదు. కొనక కాదు. కొన్నప్పుడల్లా ఎవరో ఒకరు ఫోన్ చేసేవాళ్ళు. ఒక ఏడాది కోళ్ళఫారం వాళ్ళకి పోయింది, మరో ఏడాది నడుం విరిగిన పోస్టుమాస్టరుకి పోయింది. కిందటేడు బడిపక్క విధవరాలు కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆ సాయంత్రమే లారీ ఎక్కించాడు. అతని తల్లి ఆల్ఫెడా ప్రతిసారీ కిటికీలోంచి చూసి ఒకటే అనేది.

"మన మిషన్ పెళ్ళికూతురులా ముస్తాబై, ప్రతి ఏడూ పక్కింటికే కాపురానికి పోతుంది."

ఈసారి అలా పోవడానికి వీల్లేదు. ఆల్ఫెడాకి తొంభై దాటింది. పగలూ రాత్రీ ముక్కు కింద సన్నటి గొట్టం, కుర్చీ పక్కన గుర్రుమంటూ గాలిని వడకట్టి ఆక్సిజన్ ఇచ్చే మిషన్. పోయిన చలికాలం మంచు గడ్డకట్టి తీగలు తెగినప్పుడు, ఫెర్నాండ్ రోడ్డంతా తిరిగి ఊళ్ళోవాళ్ళ మిషన్లు చూస్తుంటే, ఇంట్లో భార్య లొరెట్ ఒక్కతీ దుప్పట్లు కప్పి, సిలిండర్లు మార్చి అత్తగారిని కాపాడుకుంది. చివరి సిలిండరు సగానికి వచ్చాక కరెంటు వచ్చింది. ఆ సంగతి వారానికోసారి వచ్చే నర్సుకి తెలిసింది. మంచి పిల్లే. మెత్తగానే చెప్పింది, కానీ గట్టిగా చెప్పింది. మంచు పడేలోపు ఇంట్లో జెనరేటర్ లేకపోతే ఆవిణ్ణి టౌనులో వృద్ధుల ఆసుపత్రికి చేర్చక తప్పదని రాసేస్తానంది. సోమవారం వచ్చి చూస్తానంది.

"అక్కడ మంచాలకి కటకటాలుంటాయటే," అంది ఆల్ఫెడా కోడలితో, నర్సు కారు మలుపు తిరగ్గానే. "నేనేం దొంగతనం చేశాను?"

ఆ రోజు నుంచి కొడుకుని జెనరేటర్ గురించి మళ్ళీ ఒక్కమాట అడగలేదు. అడగకపోవడమే ఫెర్నాండ్‌కి నిద్ర పట్టనివ్వలేదు.

ఇవాళ శనివారం. మధ్యాహ్నం నుంచి మంచు, సాయంత్రానికి గాలి అని రేడియో చెప్పింది. ఆకాశం ఉడికించిన గుడ్డు పైపొరలా ఉంది. గొట్టం పని అయింది. బ్యాటరీ తగిలించాలి, ఇంటి తీగల్ని జెనరేటర్‌కి కలిపే లోపలి పెట్టె పని పూర్తిచేయాలి. తొడుగు మళ్ళీ వేసుకోబోతుంటే లొరెట్ తలుపు తీసి కేకేసింది.

"ఇదిగో, జిల్ ఫోన్!"

ఫోన్ వంటింటి గోడకి ఉంది. దానికింద కిటికీ పక్కన ఆల్ఫెడా కుర్చీ. తల్లి కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నాడు.

"మంచు వచ్చేలా ఉంది," అన్నాడు జిల్ అటు నుంచి.

"వచ్చేలానే ఉంది."

"గాలి కూడానట."

"ఆఁ, చెప్పాడు రేడియోలో."

 జిల్ వెనక చంటిపిల్ల ఏడుపు వినిపిస్తోంది.

"మా చిన్న జెనరేటర్ అంటుకోవడం లేదు. తాడు లాగి లాగి భుజం ఊడొచ్చింది. అంటే... నీ షెడ్డులో ఏదైనా... పాతదైనా సరే, ఉందేమోనని."

షెడ్డులో ఏమీ లేదని జిల్‌కి తెలుసు. ఈ రోడ్డు మీద ఉన్న ఒకే ఒక్క కొత్త మిషన్‌ను నిన్న తనే ట్రాక్టరుతో దించి వెళ్ళాడు. నోరు తెరిచి అడగడం లేదు. కానీ ఫెర్నాండ్ అడగకముందే ఇచ్చే మనిషని కూడా అతనికి తెలుసు.

ఫెర్నాండ్ తల్లి వైపు చూశాడు. కుర్చీ పక్కన ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటోంది.

"లేదు జిల్," అన్నాడు. "సోమవారం వచ్చి నీది విప్పి చూస్తాను. ఇప్పుడొస్తే ఈ పని చీకటి పడేలోపు తెమలదు. కరెంటు పోతే మీరిద్దరూ బిడ్డనెత్తుకుని ఇక్కడికొచ్చెయ్యండి."

"అబ్బే, మేం బాగానే ఉన్నాం. ఊరికే అడిగాను. ఉంటాను మరి."

ఫెర్నాండ్ ఫోన్ పెట్టేశాడు. అతని నోట 'లేదు' అన్నమాట రావడం లొరెట్ పెళ్ళయ్యాక ఎన్నిసార్లు విందో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పొయ్యి దగ్గర గరిట ఆపి చూసింది. అతను చెవులు ఎర్రబడి బయటికి నడవబోయాడు.

"ఎవర్రా?" అంది ఆల్ఫెడా, కళ్ళు తెరవకుండానే.

"జిల్."

"ఏమంటాడు?"

"ఏం లేదమ్మా. ఊరికే."

"వాడు ఊరికే ఫోన్ చేసే రకం కాదు. వాళ్ళ నాన్నా అంతే. ఇల్లు అంటుకున్నా సరే పక్కింటి తలుపు తట్టి ముందు వానలూ మంచూ మాట్లాడేవాడు." కళ్ళు తెరిచింది. నీలం కళ్ళు, నీళ్ళలో నానినట్టుంటాయి, కానీ వాటి చూపు నుంచి ఏదీ తప్పించుకోదు. "రమ్మన్నావు కదా?"

"అన్నాను. బాగానే ఉన్నాం అన్నాడు."

"బాగానే ఉన్నాం!" ఆవిడ జిల్ గొంతు అనుకరించింది. "మీ నాన్న కాలు విరిగి మంచులో పడున్నప్పుడూ అదే మాట. పిలిస్తే వస్తారట్రా? పిలిస్తే వచ్చాడంటే సాయం అడుక్కోవడానికి వచ్చినట్టు. ఎవడొస్తాడు?"

"మరేం చెయ్యమంటావు?"

"వాకిట్లో బల్బు వెలిగించు."

వాకిట్లో స్తంభం మీద పాత బల్బు ఒకటుంది. ఫెర్నాండ్ చిన్నతనంలో అక్కడ లాంతరు వేలాడేది. కరెంటు పోయిన రాత్రి ఎవరింట్లో పొయ్యి బాగా మండుతుంటే వాళ్ళు వాకిట్లో దీపం పెట్టేవాళ్ళు. అది చూసి రోడ్డంతా వచ్చేది. దీపం చూసి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరి పరువూ పోదు. పేకముక్కలు, బీన్స్ కుండ, ఫిడేలు, పిల్లలు నేలమీద దుప్పట్లలో. అవన్నీ ఇప్పుడెవరూ చెయ్యరు.

"అది జెనరేటర్‌కి కలవలేదమ్మా. ఇంట్లో అన్నీ దీనిమీద నడవవు. బాయిలరు, నీళ్ళ మోటారు, ఫ్రిజ్జులు, వంటిల్లు, నీ ఆక్సిజన్. పెట్టెలో ఇక ఒక్క గడే మిగిలింది. దాన్ని లొరెట్ స్నానాలగది హీటరుకి అడిగింది."

"ఎవరూ రాకుండా ఈ ఇల్లొక్కటీ వెచ్చగా ఉంటే ఏం చేసుకుంటాం?" అంది ఆల్ఫెడా. ఊపిరి అందక ఆగి, మళ్ళీ అందుకుంది. "ఇంటింటికీ ఓ మిషన్ తగిలించావు. ఇప్పుడు కరెంటు పోతే ఎవరింట్లో వాళ్ళు కూర్చుని టీవీ చూసుకుంటున్నారు. నీ మిషన్లు వచ్చాకే ఈ రోడ్డు మీద మనుషులు ఒకరింటికొకరు రావడం మానేశారు."

ఆ మాట చురుక్కుమంది.  

"అత్తయ్యా, ఈ వయసులో స్నానాలగది వెచ్చగా ఉండాలనుకోవడం తప్పా నాకు?" అంది లొరెట్.

"తప్పు కాదే తల్లీ. కోటు వేసుకుని స్నానం చెయ్యి."

లొరెట్ ముందు మూతి ముడిచింది. తరువాత గరిట మీదికి వంగి నవ్వింది. "పెట్టండి ఆ బల్బే," అంది మొగుడితో. "వేడినీళ్ళ సీసా నాకుంది. ఈవిడతో పోట్లాడటానికి నాకు ఆక్సిజన్ లేదు."

ఫెర్నాండ్ పెట్టె తలుపు తెరిచి ఆఖరి గడిలో వాకిటి బల్బు తీగ బిగించాడు. స్విచ్చి వెనక వరండాలో ఉంటుంది. గొట్టంతో తల్లి అంతదూరం నడవలేదు. అందుకని లాగితే వెలిగే స్విచ్చి ఒకటి షెడ్డులోంచి వెతికి తెచ్చి, ఆవిడ కుర్చీ పైన గోడకి బిగించి, దాని తాడుని చేతికందేలా కిందికి దింపాడు. తాడు చివర పట్టుకోవడానికి ఆవిడ కుట్టుడబ్బాలోంచి దారం అయిపోయిన చెక్క రీలు ఒకటి తీసి ముడేశాడు.

ఆల్ఫెడా రీలుని వేళ్ళ మధ్య తిప్పి చూసుకుంది. "ఉయ్యాల్లో పిల్లకి కట్టినట్టు కట్టావు," అంది. కానీ చాలాసేపు దాన్ని వదల్లేదు.

మధ్యాహ్నానికి మంచు మొదలైంది. ముందు పిండి జల్లించినట్టు, తరువాత ఈకలు దులిపినట్టు. ఫెర్నాండ్ బయట వంగి బ్యాటరీ తగిలించే పనిలో పడ్డాడు. ఆ పని చేసేటప్పుడు మిషన్ పొరపాటున లేవకూడదని, మూత కింది మీట 'ఆఫ్'లో పెట్టాడు. వేళ్ళు మొద్దుబారి బోల్టు రెండుసార్లు మంచులో పడిపోయింది. వెతికి తీసి, నోటితో ఊది, మళ్ళీ బిగించాడు. నాలుగు కాకముందే చీకటి దిగింది. లొరెట్ ఒకసారి పిలిచింది, రెండోసారి పిలిచింది. మూడోసారి పేరు పెట్టి పిలిచింది. అలా పిలిచిందంటే ఇక ఆలస్యం చేయకూడదని అతనికి తెలుసు. మూత వేసి, మంచు దులుపుకుని లోపలికొచ్చాడు.

కోడిమాంసం పులుసు, బక్‌వీట్ అనే ధాన్యం పిండితో పోసిన పసుపుపచ్చ అట్లు. అట్ల మీద చిన్న చిన్న కళ్ళు పడ్డాయి. ఆల్ఫెడా ఒక అట్టుకి వెన్న రాసి, చుట్టచుట్టి, పులుసులో అద్దుకుంటోంది. బయట గాలి చిమ్నీలో ఊళ వేసింది. ఆవిడ రెండో ముక్క నోట్లో పెట్టుకోబోతుండగా కరెంటు పోయింది.

ఫ్రిజ్జు గురక ఆగింది. నేలకింద బాయిలరు ఆగింది. ఆక్సిజన్ మిషన్ ఆగి, కీచుమంటూ అరవడం మొదలుపెట్టింది.

"ఇప్పుడే," అన్నాడు ఫెర్నాండ్ చీకట్లో. "ఒక్క క్షణం తీసుకుంటుంది. ఊపిరి పీల్చుకుని లేస్తుంది."

ఎదురుచూశారు. కీచు శబ్దం తప్ప ఏమీ లేదు.  లొరెట్ టార్చి వెలిగించి సిలిండరు వైపు అప్పటికే లేచింది.

"ఇదేనా నీ మిషన్?" అంది ఆల్ఫెడా నింపాదిగా.

అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి ఇంట్లో పని ముగించాక మూత మీద తట్టి, పిల్లలకి చెప్పినట్టు చెప్పేవాడు, "ఈ మీట 'ఆటో'లో ఉండాలి, మర్చిపోకండి" అని. మర్చిపోతారని ఎర్రటి టేపు కూడా అంటించేవాడు. తన ఇంటికి టేపు అంటించలేదు.

ఇంటి చెప్పులతోనే మంచులోకి పరిగెత్తాడు. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. తడుముకుంటూ మూత ఎత్తి మీట తిప్పాడు. జెనరేటర్ ఒక దగ్గు దగ్గి, ఒళ్ళు విరుచుకుని అందుకుంది. వంటింటి కిటికీ పసుపుపచ్చగా వెలిగింది. మూత మీద చెయ్యి ఆనించి, ఒంటి కాలు మేజోడు తడిసిపోతుండగా, అతను అలాగే నిలబడి ఆ చప్పుడు విన్నాడు. దగ్గు లేదు. వణుకు లేదు.

లోపలికొచ్చేసరికి లొరెట్ టవలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఊరందరి మిషన్లనీ మేలుకొల్పావు," అంది ఆల్ఫెడా. "మనింటి దాన్ని జోకొట్టి వచ్చావా?"

తరువాత చెయ్యి చాచి, చెక్క రీలు పట్టుకుని లాగింది.

వాకిట్లో స్తంభం చుట్టూ గుండ్రటి వెలుగు పడింది. అందులో మంచు ఏటవాలుగా పోతోంది. పొలం అవతల జిల్ ఇల్లు నల్లగా ఉంది. ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. ఫెర్నాండ్ మేజోళ్ళు మార్చుకుని వచ్చాడు. "నేను వెళ్ళి తీసుకొస్తాను," అన్నాడు కోటు అందుకుంటూ.

"కూర్చో. ముందు కాసేపు పరువుగా చలికి వణుకుతారు. తరవాత వస్తారు."

పొలం మధ్య ఒక టార్చి వెలుగు కనిపించింది. ఊగుతూ, ఆగుతూ, వాకిట్లోకి వచ్చింది. జిల్ కోటు ముందు భాగం ఉబ్బెత్తుగా ఉంది. బొత్తాల మధ్యనుంచి చంటిపిల్ల ఊలు టోపీ కనిపిస్తోంది. వెనక భార్య రీనా గుడ్డలో చుట్టిన గిన్నె పట్టుకుని ఉంది.

"దీపం కనిపించింది," అన్నాడు జిల్ గుమ్మంలో నిలబడి, కాళ్ళు దులుపుకుంటూ. "ఏమిటా అని చూసిపోదామని."

"మాంసం కూరిన రొట్టె ఒకటి ఉండిపోయింది," అంది రీనా. "పాడైపోతుందని తెచ్చాను."

ఆ చలిలో పాడయ్యే వంటకం లేదని అందరికీ తెలుసు. లొరెట్ రెండు చేతులతో గిన్నె అందుకుని, "భలే టైముకి తెచ్చావమ్మా" అంది.

ఫెర్నాండ్ జిల్ మొహంలోకి చూడలేక కోటు తగిలించే వంకతో అటు తిరిగాడు. జిల్ కిటికీలోంచి జెనరేటర్ వైపు చూసి, "నేను దించింది వంకరగా లేదు కదా?" అన్నాడు. "గీత గీసినట్టుంది," అన్నాడు ఫెర్నాండ్. అంతే. ఇద్దరి మధ్య ఆ విషయం అక్కడితో తీరిపోయింది.

ఇంకా కోట్లు ఆరకముందే తలుపు మళ్ళీ చప్పుడైంది. రోడ్డు పక్క ఇంటి ముసలి బ్రహ్మచారి రొసేర్. టోపీ నిండా మంచు, చేతిలో పేకముక్కల కట్ట.

"నీ ఇంట్లో మిషన్ ఉందిగా?" అన్నాడు ఫెర్నాండ్. "ఆగిపోయిందా?"

"ఎందుకాగుతుంది, బ్రహ్మాండంగా తిరుగుతోంది. దాంతో ఎంతసేపని మాట్లాడను?"

ఆల్ఫెడా కొడుకు వైపు చూసింది. 

రీనా పసిబిడ్డని ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆల్ఫెడా ముక్కు గొట్టాన్ని పక్కకి తప్పించుకుని, పిల్ల తల వాసన చూసింది. పిల్ల గుప్పిట తెరిచి చెక్క రీలు పట్టుకుంది. "లాగు మరి, లాగు," అంది ఆవిడ. లొరెట్ అడ్డుపడి, "దీపం ఆరిపోతుంది అత్తయ్యా" అని రీలుని విడిపించింది. బల్ల దగ్గర రొసేర్ ముక్కలు పంచుతూ మొదటి ఆటలోనే మోసం చేశాడు. జిల్ పట్టుకున్నాడు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అట్లు మళ్ళీ పోశారు. కిటికీ అద్దాల మీద ఆవిరి పట్టింది. ఫెర్నాండ్ ఒక మూల నిలబడి ఆ గోలలో వంటిల్లు ఎంత చిన్నదో చూస్తున్నాడు. చిన్నప్పుడు ఇది ఇంకా చిన్నదిగా ఉండేది, ఇంకా ఎక్కువమంది పట్టేవాళ్ళు.

పిల్ల పాలకి ఏడిస్తే ఆల్ఫెడా దాన్ని రీనాకిచ్చేసింది. ఫెర్నాండ్ తల్లి దగ్గరికి వెళ్ళి ముక్కు గొట్టం, శాలువా సర్దాడు.

"మంచి చప్పుడే చేస్తోందిరా నీ మిషన్," అంది. "మీ నాన్న బంగాళాదుంపల పొలం నుంచి ట్రాక్టరు మీద వస్తున్నట్టుంది."

"పడుకుంటావా అమ్మా? మంచం దగ్గరికి తీసుకెళ్ళనా?"

"ఇక్కడే. అందరి మాటలూ వినిపిస్తున్నాయి."

కళ్ళు మూసుకుంది. బల్ల దగ్గర ఆట సాగింది. రొసేర్ రెండుసార్లు ఓడాడు. లొరెట్ టీ పోస్తూ అత్తగారి చెయ్యి కుర్చీ మీంచి జారి ఉండటం చూసింది. ఎత్తి ఒళ్ళో పెట్టబోయింది. పెట్టకుండా, ఆ చేతిని అలాగే తన చేతుల మధ్య పట్టుకుని, ఫెర్నాండ్ వైపు చూసింది.

అతను వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తల్లి పెదవి పక్కన వెన్న మెరుపు ఇంకా ఉంది. బొటనవేలితో తుడిచాడు. ఎవరూ గట్టిగా ఏడవలేదు. రొసేర్ ముక్కలు బోర్లా పెట్టి టోపీ తీశాడు. రీనా బిడ్డ వీపు నిమురుతూనే ఉంది. చాలాసేపటికి ఫెర్నాండ్ చెయ్యి చాచి ఆక్సిజన్ మిషన్ ఆపాడు. ఇంట్లో ఒక చప్పుడు తగ్గింది. గోడ అవతల జెనరేటర్ తిరుగుతూనే ఉంది.

ఆ రాత్రి ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. జిల్ కుర్చీ లాక్కుని ఫెర్నాండ్ పక్కనే కూర్చున్నాడు. ఇద్దరూ మంచు గురించి మాట్లాడుకున్నారు.

పొద్దున కరెంటు వచ్చింది. చెయ్యవలసినట్టే, జెనరేటర్ కాసేపు చూసి తనంతట తాను ఆగింది. గాలి తగ్గింది. మంచు కిటికీ అంచుదాకా వచ్చి నీలంగా మెరుస్తోంది, పొలం మీదుగా వచ్చిన అడుగుల జాడలు సగం పూడిపోయాయి. ఎండ వచ్చినా వాకిట్లో బల్బు పాలిపోయి వెలుగుతూనే ఉంది. ఖాళీ కుర్చీ పైన తాడు చివర చెక్క రీలు వేలాడుతోంది, దాన్ని లాగడానికి ఆ ఇంట్లో ఎవరికీ చెయ్యి రాలేదు.